అట్లాంటిక్ దాటిన అరటికాయ

అరటికాయ వేపుడు మనకు కొత్త వంటకం కాదు. పెళ్ళి విస్తరిలోను, తద్దినపు విస్తరిలోను కూడా దానికి చోటున్నది. అయితే అమెరికా ఖండపు దీవులలో అరటికాయను వేయించే తీరు వేరు. పచ్చి కాయను వేలెడు మందం ముక్కలుగా కోసి, ఒకసారి నూనెలో వేయించి పైకి తీస్తారు. ఆ ముక్కను రెండు కొయ్యపలకల నడుమ పెట్టి బిళ్ళలాగా నొక్కుతారు. నొక్కిన బిళ్ళను మళ్ళీ నూనెలో వేసి కరకరలాడేటట్లు వేయిస్తారు. ప్యూర్టోరికో, క్యూబా, దొమినికన్ రిపబ్లిక్ వాసులు దీనిని తోస్తోనెస్ అంటారు. పనామా, కొలంబియా, ఈక్వడార్ దేశాలవారికి ఇదే పతకోనెస్. పతకోన్ అన్నది పాతకాలపు స్పానిష్ వెండి నాణెం పేరు కూడా. తొక్క నల్లబడేవరకు మాగిన కాయను ఏటవాలుగా కోసి వేయిస్తే అది మదూరోస్. తియ్యగా, మెత్తగా ఉంటుంది.

వంద సంవత్సరాల క్రితం న్యూయార్కు నగరంలో ఈ వంటకం తినాలంటే ఆ దీవులనుండి వలస వచ్చినవారు కాపురమున్న కొద్దిపాటి వీధులకు పోవలసి వచ్చేది. ఇప్పుడు అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పెద్ద దుకాణాల మంచుపెట్టెలలో, వేయించటమే తరువాయిగా నొక్కిన బిళ్ళలు సంచులలో దొరుకుతున్నవి. మెక్సికో, క్యూబా, పెరూ, ప్యూర్టోరికో వంటలన్నిటినీ కలిపి "లాటిన్ వంట" అని పిలుచుకుంటూ, స్పానిషు భాష ఒక్క ముక్క రానివారు కూడా ఇష్టంగా తింటున్నారు.

ఈ వంటకం అంత దూరం ఎట్లా ప్రయాణం చేసింది? ఈ ప్రశ్నకు జవాబు వెదకబోయేముందు వృక్షశాస్త్రంలోని ఒక చిన్న సంగతి గుర్తుంచుకోవాలి. కూర అరటికి మొలకెత్తే విత్తనం లేదు. కొబ్బరికాయ సముద్రంలో తేలిపోయి మరొక తీరాన మొలవగలదు. రావి విత్తును పక్షి మోసుకొనిపోయి గోడ పగులులో వేయగలదు. అరటికి ఆ అదృష్టం లేదు. మనిషి పిలకను తవ్వి, మోసి, మరొక చోట పాతితేనే అది అక్కడ బ్రతుకుతుంది. అందుచేత ఒక దేశంలో కూర అరటి కనిపించిందంటే, దానిని మోసుకొనివచ్చిన చేతులు ఉన్నవన్నమాటే. ఈ కథ అంతా ఆ చేతుల కథ.

విత్తనం లేని పంట

అరటికి మూలపురుషులు రెండు అడవి జాతులు. ఒకటి మ్యూసా ఎక్యూమినేటా. ఆగ్నేయాసియా, న్యూగినీ ప్రాంతాలది. రెండవది మ్యూసా బాల్బిసియానా. భారతదేశంనుండి దక్షిణ చైనా వరకు వ్యాపించినది. అడవి అరటిపండు నిండా మిరియాల వంటి గట్టి గింజలుంటాయి, గుజ్జు స్వల్పం. న్యూగినీ ఎగువ ప్రాంతాలలో కుక్ అనే చిత్తడినేల ఉన్నది. అక్కడ సుమారు 7,000 సంవత్సరాల క్రితమే మనుష్యులు అరటిని నాటినట్లు పరిశోధకులు కనుగొన్నారు. అరటి మెత్తని మొక్క కదా, అన్ని వేల సంవత్సరాలు ఏమి మిగిలిందని అడగవచ్చును. ఆకులోని కణాలలో ఇసుకపదార్థం పేరుకొని సూక్ష్మమైన రేణువులుగా తయారవుతుంది. మొక్క కుళ్ళినా ఆ రేణువులు మట్టిలో చెడకుండా ఉంటాయి. వాటి ఆకారాన్ని సూక్ష్మదర్శినిలో చూసి ఇది అరటిదని గుర్తుపట్టారు.

ఈ రెండు జాతులు కలిసి సంకరాలు పుట్టినవి. కొన్ని సంకరాలలో క్రోమోజోములు రెండు జట్లుగా కాక మూడు జట్లుగా, అనగా 33, ఏర్పడినవి. విత్తనం తయారు కావాలంటే క్రోమోజోములు జంటలు జంటలుగా సరిగా విడిపోవాలి. మూడు జట్లున్నచోట ఆ లెక్క కుదరదు. విత్తనం పోయింది, గుజ్జు మిగిలింది. రైతుకు కావలసినది గుజ్జే కనుక అటువంటి మొక్కల పిలకలనే ఏరి నాటుకున్నాడు.

1753లో లిన్నేయస్ కూర అరటికి మ్యూసా పారడిసియాకా అని, అనగా స్వర్గపు అరటి అని పేరు పెట్టాడు. పేరు బాగున్నదిగాని అది ఒక జాతి కాదు, సంకరం. ఈ చిక్కు విప్పినవారు ట్రినిడాడ్ దీవిలో అరటిపై పరిశోధన చేసిన సిమ్మండ్స్, షెపర్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు. వారు 1955లో మొక్కలోని 15 లక్షణాలకు మార్కులు వేసి, ఏ రకంలో ఎక్యూమినేటా పాలు ఎంత, బాల్బిసియానా పాలు ఎంత అని లెక్కకట్టే పద్ధతి ప్రకటించారు. మొదటి జాతికి ఎ అనీ, రెండవదానికి బి అనీ గుర్తులు. ఆ లెక్కలో అమెరికా దీవుల కూర అరటి ఎఎబి. కేరళలో ఉప్పేరికి వాడే నేంద్రం అరటి కూడా ఈ ఎఎబి కూర అరటి కుటుంబానికి చెందినదే. మన బొంత అరటి ఎబిబి. అది దగ్గర చుట్టమేగాని తోబుట్టువు కాదు.

మూడు మజిలీలు

ఆసియానుండి కూర అరటి ఆఫ్రికాకు ఎప్పుడు చేరిందన్న విషయం ఇంకా చర్చలో ఉన్నది. అయితే యూరపువారి ఓడలు ఆ తీరానికి రాకముందు ఎన్నో శతాబ్దాలనుండి అది అక్కడ ఉన్నది. మధ్య, పశ్చిమ ఆఫ్రికా వానల అడవులలో ఇప్పటికీ వందకు పైగా కూర అరటి రకాలున్నవి. విత్తనం లేని మొక్కలో అన్ని రకాలు ఏర్పడాలంటే, అప్పుడప్పుడు పిలకలో కనిపించే చిన్న మార్పును రైతు కనిపెట్టి విడిగా పెంచుతూ రావాలి. వందలాది సంవత్సరాలు శ్రద్ధగా చూస్తేనే అది సాధ్యం. అరటి విషయంలో ఆఫ్రికా రైతుల పాండిత్యం ఇంతటిదని చాలా పుస్తకాలు చెప్పకపోవటం అన్యాయమే.

ఆ తీరంనుండి పోర్చుగీసు నావికుల ద్వారా అరటి 15వ శతాబ్దంలో కనారీ దీవులకు చేరిందని చరిత్రకారుల అభిప్రాయం. 1516లో తోమాస్ దె బెర్లాంగా అనే క్రైస్తవ సన్యాసి గ్రాన్ కనారియా దీవినుండి అరటి పిలకలను అట్లాంటిక్ దాటించి, హిస్పనియోలా దీవిలోని సాంతో దొమింగో పట్టణానికి తెచ్చాడు. ఈ సంగతి వ్రాసినవాడు ఆయన సమకాలికుడైన ఓవియేదో అనే చరిత్రకారుడు. ఈ బెర్లాంగాయే తరువాత పనామాకు బిషప్పు అయి, 1535లో పెరూ పోతూ ఓడ దారి తప్పి గలాపగోస్ దీవులను చూచాడు. మూడు వందల సంవత్సరాల తరువాత డార్విన్ వెళ్ళిన దీవులవి. ఒకే మనిషి జీవశాస్త్ర చరిత్రలో రెండు చోట్ల, రెండు చోట్లా తాను అనుకోకుండా, ప్రవేశించటం విచిత్రం.

అదే కాలంలో అమెరికానుండి మిరపకాయ, వేరుసెనగ, మొక్కజొన్న తూర్పు దేశాలకు బయలుదేరినవి. మిరపకాయ లేని ఆంధ్రుల వంటను మనం ఊహించలేము. అరటికాయ లేని తమ వంటను ప్యూర్టోరికోవారు ఊహించలేరు. రెండూ ఆ శతాబ్దపు మార్పిళ్ళే.

పిలకను తెచ్చినవాని పేరు మనకు తెలుసు. దానిని వంటగా మార్చినవారి పేర్లు తెలియవు. 16వ శతాబ్దంనుండి 19వ శతాబ్దం వరకు సుమారు 1 కోటి 25 లక్షలమంది ఆఫ్రికనులను బానిసలుగా ఓడలెక్కించారు. వారిలో అమెరికా తీరానికి ప్రాణాలతో దిగినవారు సుమారు 1 కోటి 7 లక్షలు. ఎక్కువమందిని దించినది బ్రెజిల్‌లోను కరిబియన్ దీవులలోను. చెరకుతోటల యజమానులు వారికి తిండి పెట్టే ఖర్చు తగ్గించుకొనటానికి, తోట అంచున పనికిరాని నేలలో చిన్న చిన్న మడులు ఇచ్చి, మీ తిండి మీరే పండించుకొనండి అనేవారు. స్పానిషువారి దీవులలో ఆ మడిని కొనూకో అనేవారు. రోజంతా చెరకు నరికి వచ్చినవానికి ఆ మడిలో పనిచేయటానికి మిగిలేది ఆదివారమే. అటువంటివానికి ఏ పంట అనువైనది? విత్తనం కొనవలసిన పని లేనిది, ఒకసారి పాతితే తల్లి చెట్టు గెల వేసి పడిపోయినా పక్కనుండి పిలక లేచేది, ఏడాది పొడుగునా ఎప్పుడో ఒకప్పుడు గెల ఇచ్చేది. కూర అరటి సరిగ్గా అటువంటిది. పైగా అది చాలామందికి సొంత ఊరిలో తెలిసిన పంటే.

వంట కూడా సొంత ఊరిదే. పశ్చిమ ఆఫ్రికాలో ఉడికించిన దుంపలను, అరటికాయలను కొయ్య రోటిలో దంచి ముద్ద చేస్తారు. దానిని ఫుఫు అంటారు. దొమినికన్ రిపబ్లిక్‌లో ఉదయం తినే మంగూ, అనగా ఉడికించి చిదిమిన అరటికాయ, ఆ పద్ధతికి వారసురాలు. ప్యూర్టోరికోవారి మోఫోంగో మరొకటి. అందులో అరటికాయను ఉడికించరు, వేయిస్తారు. వేయించిన ముక్కలను పిలోన్ అనే కొయ్య రోటిలో వెల్లుల్లితోను, కరకరలాడే పందిమాంసపు తునకలతోను కలిపి దంచుతారు. రోలు, రోకలి, దంచే చెయ్యి ఆఫ్రికావి. వేయించటానికి కావలసిన కొవ్వు మాత్రం స్పెయిన్ తెచ్చిన పందిది. 1493లో కొలంబసు రెండవసారి వచ్చినప్పుడు దించిన పందులు ఆ దీవులలో విపరీతంగా పెరిగి, బీదవానికి కూడా కొవ్వు దొరికేటట్లు చేసినవి. ఆసియా కాయ, ఆఫ్రికా రోలు, స్పెయిన్ కొవ్వు ఒక పళ్ళెంలోకి చేరినవి.

ప్యూర్టోరికోలో బానిసత్వం 1873లోను, క్యూబాలో 1886లోను రద్దయింది. అప్పటికి అరటికాయ బానిసల తిండిగా మాత్రమే మిగలలేదు, కొండప్రాంతపు బీదరైతులందరి తిండీ అయింది. 1905 ప్రాంతంలో రామోన్ ఫ్రాదే అనే ప్యూర్టోరికో చిత్రకారుడు, చెప్పులు లేని ఒక ముసలి రైతు అరటి గెలను శిశువును ఎత్తుకొన్నట్లు రెండు చేతులతో పట్టుకొని నిలిచిన చిత్రం వేశాడు. దానికి పెట్టిన పేరు "మా అనుదిన ఆహారం" అనే అర్థం వచ్చేది. క్రైస్తవ ప్రార్థనలో రొట్టెకు వాడే మాట అది. అరటికాయే వారి రొట్టె.

రెండుసార్లు ఎందుకు వేయించాలి

ఇక మూకుడులో జరిగే సంగతి చూద్దాం. పచ్చి కూర అరటి గుజ్జులో నూటికి సుమారు 65 పాళ్ళు నీరు. మిగిలినదానిలో అధికభాగం పిండిపదార్థం. ముక్కను కాగిన నూనెలో వేయగానే బుసబుసమని శబ్దం వస్తుంది. అది నూనె మరుగుతున్న శబ్దం కాదు. ముక్క పైపొరలోని నీరు ఆవిరై, 1,600 రెట్లకు పైగా వ్యాకోచించి నూనెను చీల్చుకొని బయటికి వస్తున్నది. ఆవిరి అట్లా వెలుపలికి తోసుకొని వస్తున్నంతసేపు నూనె లోపలికి ఎక్కువగా పోలేదు.

పిండిరేణువులు 70, 80 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో నీటిని పీల్చుకొని ఉబ్బి మెత్తబడతాయి. మందపాటి ముక్కలో నడిమి వరకు ఈ వేడి చేరటానికి కొంత కాలం పడుతుంది. నూనె మరీ కాగి ఉంటే లోపల ఉడకకముందే పైన మాడిపోతుంది. కనుక మొదటిసారి సుమారు 160 డిగ్రీలలో నిదానంగా వేయిస్తారు. ఇది పేరుకు వేయించటమేగాని నిజానికి ఉడికించటం. మెత్తబడింది కనుక నొక్కితే విరగదు, పరచుకొంటుంది. పలుచనైన బిళ్ళకు వైశాల్యం పెరుగుతుంది, అంచులు చీలి గరుకుగా తయారవుతాయి. రెండవసారి 185 డిగ్రీల ప్రాంతంలో వేయిస్తే ఆ పలుచని బిళ్ళలో నీరు త్వరగా పోయి, పైపొర గట్టిపడి బంగారు రంగు తేలుతుంది. మాంసకృత్తుల భాగాలు, చక్కెరలు కలిసి వేడిలో ఏర్పరచే ఈ రంగును, సువాసనను 1912లో ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు మాయార్ వర్ణించాడు. దీవుల వంటకత్తెలకు ఆయన పేరు తెలియదు, ఆ యుక్తి తెలుసు.

మాగిన కాయకు ఈ రెండు వాయిల అవసరం లేదు. మాగేటప్పుడు కాయలో ఎథిలీన్ అనే వాయువు పుట్టి ఎంజైములను మేల్కొలుపుతుంది. అవి పిండిని విరిచి చక్కెరలుగా మారుస్తాయి. చక్కెర త్వరగా ఎర్రబడుతుంది కనుక మదూరోస్‌ను తగ్గుమంట మీద ఒక్కసారే వేయిస్తారు. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో తేలికగా చూపవచ్చును. ఒక పచ్చి అరటికాయ ముక్క, బాగా మాగిన పండు ముక్క పక్కపక్కన పెట్టి, వాటిమీద టింక్చర్ అయోడిన్ రెండు చుక్కలు వేయండి. పచ్చి ముక్క నీలినలుపుగా మారుతుంది. మాగిన ముక్కలో ఆ రంగు బాగా తక్కువగా ఉంటుంది. ప్రయోగం తరువాత ఆ ముక్కలను పారవేయాలి సుమా, వేయించరాదు.

అరటికాయ తరిగినవారికి చేతులకు అంటే నల్లటి మరక కూడా రసాయనశాస్త్రమే. కాయ పసరులోని టానిన్ల వంటి పదార్థాలు గాలిలోని ప్రాణవాయువుతో కలిసి నల్లబడతాయి. గుడ్డకు అంటితే ఎన్ని ఉతుకులకూ పోదని మన తల్లులకు తెలుసు. ప్యూర్టోరికోలో దీనిమీద ఒక నానుడి ఉన్నది. ఎక్కడికి పోయినా తమ దీవి గుణం పోనివానిని "అరటి మరక ఉన్నవాడు" అంటారు.

మరకతో సహా వలస

1898 యుద్ధంలో ఓడిన స్పెయిన్ ప్యూర్టోరికోను సంయుక్త రాష్ట్రాలకు వదలుకున్నది. 1917లో ఆ దీవివాసులకు అమెరికా పౌరసత్వం లభించింది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత విమానాల టిక్కెట్లు అందుబాటులోకి రాగా, దీవిలో పని దొరకనివారు వేలకు వేలు న్యూయార్కు చేరారు. 1940లో ప్రధాన భూభాగంలో ప్యూర్టోరికోవారు సుమారు 70 వేలు. 1960 నాటికి సుమారు 8 లక్షల 90 వేలు. బట్టల ఫ్యాక్టరీలలోను, హోటళ్ళ వెనుకభాగాలలోను వారికి పని దొరికింది. తమ వంటకు కావలసిన సరుకులు తూర్పు హార్లెములోని లా మార్కెటా అనే అంగడిలోను, వీధి మూలలనున్న చిన్న కొట్లలోను దొరికేవి. ఆ కొట్లకు సరుకు పంపటానికే ప్రుదెన్సియో ఉనానువే అనే వలసదారు 1936లో గోయా కంపెనీ పెట్టాడు. స్పెయిన్‌లో పుట్టి, ప్యూర్టోరికోలో కొంతకాలముండి న్యూయార్కు వచ్చినవాడాయన.

1959లో క్యూబాలో విప్లవం వచ్చింది. 1965 నుండి 1973 వరకు నడిచిన విమానాలలోనే సుమారు 3 లక్షలమంది క్యూబావారు సంయుక్త రాష్ట్రాలు చేరారు. మయామీ నగరంలో ఎనిమిదవ వీధి చుట్టుప్రక్కల "చిన్న హవానా" ఏర్పడింది. అక్కడి హోటళ్ళలో మదూరోస్, నల్ల చిక్కుడుగింజలు, అన్నం నిత్య భోజనం. 1965 వలస చట్టం తరువాత దొమినికనులు, కొలంబియనులు కూడా పెద్దసంఖ్యలో వచ్చారు. 1980 జనాభా లెక్కలలో సంయుక్త రాష్ట్రాలలోని లాటిన్ మూలాలవారు 1 కోటి 46 లక్షలు. 2020లో 6 కోట్ల 21 లక్షలు.

అయితే తినేవారి సంఖ్య పెరిగినంతమాత్రాన పొరుగువారు తినటం మొదలుపెట్టరు. ఒక వీధిలో ఉంటూ ఎదురింటి వంట రుచి ఎరుగనివారు అన్ని దేశాలలోను ఉన్నారు. నా దృష్టిలో మార్పు తెచ్చినవి రెండు. ఒకటి ఫలహారశాలలు. లాటిన్ దేశాలవారి బిడ్డలు, అక్కడ పుట్టి పెరిగినవారు, 1990 ప్రాంతంలో తమ ఇంటి వంటను ఖరీదైన భోజనశాలల బల్లమీదికి ఎక్కించారు. మయామీ క్యూబా కుటుంబాలలో పెరిగిన డగ్లస్ రోడ్రిగెజ్ ఇందులో పేరుపడ్డవాడు. "నువేవో లాటినో", అనగా కొత్త లాటిన్ వంట, అన్న పేరుతో 1995లో పుస్తకం కూడా ప్రకటించాడు. రెండవది దీనికంటే చిన్నదిగాని నాకు ఎక్కువ నచ్చినది. 1996లో చికాగోలోని ఒక ప్యూర్టోరికో హోటలులో రొట్టెముక్కలకు బదులు రెండు పెద్ద తోస్తోనెస్ బిళ్ళల నడుమ మాంసం, ఉల్లి, టొమేటో పెట్టి అమ్మటం మొదలుపెట్టారు. హిబారితో అని దాని పేరు. కొండరైతును పిలిచే మాటనుండి వచ్చింది. ఫ్రాదే చిత్రంలోని ముసలి రైతు అటువంటి కొండరైతే. ఆ మాటకు ఒకప్పుడు పల్లెటూరి మొరటువాడన్న అర్థం కూడా ఉండేది. అదే మాట చికాగో వంటకాల పట్టికలలో గర్వంగా నిలిచింది.

ఒక హెచ్చరిక అవసరం. "లాటిన్ వంట" అన్నది అమ్మేవారికి అనుకూలమైన మాట. మెక్సికో వంటకు ప్రాణం మొక్కజొన్న, పెరూ కొండలలో బంగాళాదుంప, దీవులలో అరటి. ముగ్గురినీ ఒకే పేరుతో పిలిస్తే ఎవరి చరిత్రా పూర్తిగా కనబడదు. ముఖ్యంగా కొనూకో మడిలో ఆదివారం పనిచేసినవారి భాగం ఆ పేరులో అసలే కనబడదు.

గెల కూలిన ఏడాది

విత్తనం లేకపోవటంలో ఒక ప్రమాదమున్నది. పిలకనుండి వచ్చిన మొక్కలన్నీ ఒకే మొక్కకు నకళ్ళు. ఒకదానిని చంపగల తెగులు అన్నిటినీ చంపగలదు. 1963లో ఫిజీ దీవులలో నల్ల సిగటోకా అనే శిలీంధ్రపు తెగులును గుర్తించారు. 1972లో అది హోండురాస్‌లో కనిపించింది. క్రమంగా ఆ ఖండమంతటా వ్యాపించింది. ఆకులు నల్లబడి ఎండిపోతాయి, కాయలు ఊరవు. ఎగుమతి తోటలవారు విమానాలతో మందు చల్లగలరు. అరెకరం కూర అరటి ఉన్న రైతు ఏమి చల్లగలడు?

తుఫాను మరొక శత్రువు. 2017 సెప్టెంబరులో మరియా తుఫాను ప్యూర్టోరికోను దాటినప్పుడు దీవిలోని అరటితోటలు చాలావరకు నేలమట్టమైనవి. నాటిన పిలక గెల వేసి కోతకు రావటానికి ఇంచుమించు ఏడాది పడుతుంది. ఆ ఏడాది ప్యూర్టోరికోవారు బయటినుండి దిగుమతి అయిన కాయలతో మోఫోంగో దంచుకున్నారు.

తెగులుకు తట్టుకొనే రకాలను పుట్టించటం విత్తనం లేని మొక్కలో ఎంత కష్టమో ఊహించవచ్చును. అడపాదడపా ఏ గెలలోనో ఒక గింజ దొరుకుతుంది. దానికోసం వేలకొలది గెలలకు చేతితో పుప్పొడి అద్ది, పండిన కాయలన్నిటినీ చిదిమి వడకట్టి వెదకాలి. హోండురాస్‌లో 1984లో ఏర్పడిన వ్యవసాయ పరిశోధన సంస్థ ఈ పని ఓపికగా చేసి, నల్ల సిగటోకాకు తట్టుకోగల కూర అరటి సంకరాలను తయారుచేసింది. వాటిలో ఎఫ్‌హెచ్‌ఐఎ-21 అనే రకాన్ని పరీక్షనాళికలలో పెంచిన చిన్న మొక్కలుగా ఘనా, ఐవరీ కోస్టు దేశాలకు పంపారు. ఐదు వందల సంవత్సరాల క్రితం ఆ తీరంనుండి పడమటికి వెళ్ళిన మొక్క, ఈసారి కూడా మనుష్యుల చేతులలోనే, తిరిగి అదే తీరానికి చేరింది.